హెచ్‌సీవీ రియాక్టివ్ అని రిపోర్ట్ వచ్చింది.. ఇప్పుడేం చేయాలి?

ఈరోజు టాపిక్ కొంచెం సీరియస్. కానీ చివరి దాకా వింటే భయం తగ్గుతుందే తప్ప పెరగదు.

ముందే ఒక మాట. నేను డాక్టర్‌ని కాదు. బీటెక్ చేసి, కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పని చేసి ఇటు వచ్చినవాణ్ని. ఇక్కడ నేను మందులు రాయడం లేదు. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఏ టెస్ట్ ఎందుకు రాస్తున్నారు, ఏ మందు ఎందుకు ఇస్తున్నారు, మనం ఏం అడగాలి అనేది మీకు అర్థమయ్యేలా చెప్తాను. అంతే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. అమ్మకి 52 ఏళ్లు. గాల్ బ్లాడర్‌లో రాళ్లు, ఆపరేషన్ చేయాలన్నారు. ఆపరేషన్‌కి ముందు అందరికీ చేసినట్టే రక్త పరీక్షలు చేశారు. సాయంత్రం రిపోర్ట్ పీడీఎఫ్ మీ వాట్సాప్‌కి వచ్చింది. షుగర్ ఓకే, హెచ్‌ఐవీ నాన్ రియాక్టివ్, హెపటైటిస్ బీ నాన్ రియాక్టివ్. కింద ఒక లైన్ మాత్రం బోల్డ్‌లో ఉంది: యాంటీ హెచ్‌సీవీ, రియాక్టివ్.

ఇక మీరేం చేస్తారు? ఫోన్‌లో సెర్చ్ కొడతారు. లివర్ సిరోసిస్, లివర్ క్యాన్సర్, ఇవే కనిపిస్తాయి. ఇంట్లో ఎవరికీ చెప్పాలో వద్దో తెలీదు. అమ్మ గ్లాసు వేరుగా పెట్టాలా అని ఒక డౌట్. ఊరి నుంచి పిన్ని ఫోన్ చేసి పసరు మందు ఇప్పిద్దాం అంటుంది.

ఒక్క నిమిషం ఆగండి. ఆ ఒక్క లైన్ అమ్మకి ఇప్పుడు జబ్బు ఉందని చెప్పడం లేదు. ఈ ఎపిసోడ్ మొత్తంలో మీరు గుర్తుపెట్టుకోవాల్సిన మొదటి పాయింట్ ఇదే.

కాల్ హిస్టరీ వేరు, లైన్‌లో ఉండటం వేరు

హెపటైటిస్ సి అనేది ఒక వైరస్. రక్తం ద్వారా లోపలికి వచ్చి లివర్ కణాల్లో చేరుతుంది. అది వచ్చినప్పుడు మన ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ దాన్ని గుర్తుపట్టి యాంటీబాడీలు తయారు చేస్తుంది. మొదటి టెస్ట్ చూసేది ఆ యాంటీబాడీల్ని. వైరస్‌ని కాదు.

మీ ఫోన్ కాల్ హిస్టరీలో ఒక నంబర్ ఉంది. అంటే ఎప్పుడో ఆ మనిషి ఫోన్ చేశాడని అర్థం. ఇప్పుడు లైన్‌లో ఉన్నాడని కాదు కదా. యాంటీబాడీ టెస్ట్ కాల్ హిస్టరీ లాంటిది. లైన్‌లో ఉన్నాడో లేదో చూసే టెస్ట్ వేరే ఉంది. దాని పేరు హెచ్‌సీవీ ఆర్‌ఎన్‌ఏ. కొన్ని ల్యాబ్‌లు వైరల్ లోడ్ అంటాయి, కొన్ని పీసీఆర్ అంటాయి. రక్తంలో వైరస్ జన్యు పదార్థం ఇప్పుడు ఉందా లేదా అనేది అది చూస్తుంది.

యాంటీబాడీ రియాక్టివ్ వస్తే మూడు అవకాశాలు ఉన్నాయి. ఒకటి, వైరస్ ఇప్పుడు నిజంగానే ఉంది. రెండు, ఎప్పుడో వచ్చింది, ఒళ్లే దాన్ని తరిమేసింది. వైరస్ సోకిన ప్రతి 100 మందిలో సుమారు 30 మందికి మందులేమీ లేకుండానే ఆరు నెలల్లోపు అది పోతుంది. మూడు, టెస్టే పొరపాటుగా రియాక్టివ్ చూపించింది. ఇదీ జరుగుతుంది. వైరస్ ఇప్పుడు ఉందా లేదా అని తేల్చేది ఆర్‌ఎన్‌ఏ టెస్ట్.

ఆర్‌ఎన్‌ఏ రిపోర్ట్‌లో నాట్ డిటెక్టెడ్ అని వస్తే అమ్మకి ఇప్పుడు ఇన్‌ఫెక్షన్ లేదు, చికిత్స అక్కర్లేదు. ఈ మధ్యే ఎక్కడైనా రిస్క్ జరిగి ఉంటే మాత్రం డాక్టర్ ఇంకోసారి చేయించమనొచ్చు. డిటెక్టెడ్ అని వస్తే పక్కన ఒక నంబర్ ఉంటుంది. 8 లక్షలు, 20 లక్షలు, ఇలా. ఆ నంబర్ చూసి గుండె జారిపోతుంది చాలామందికి. నిజానికి ఆ నంబర్ పెద్దదైతే లివర్ ఎక్కువ పాడైందని కాదు. ఆ రెండింటికీ నేరుగా లింక్ లేదు. లివర్ ఎలా ఉందో వేరేగా కొలవాలి, దానికి తర్వాత వస్తా.

ఇంకో చిన్న విషయం. వైరస్ కొత్తగా సోకిన వాళ్లలో యాంటీబాడీలు కనిపించడానికి సాధారణంగా 8 నుంచి 11 వారాలు పడుతుంది. ఆర్‌ఎన్‌ఏ మాత్రం ఒకటి రెండు వారాల్లోనే దొరుకుతుంది. అంటే మొన్న ఎవరిదో వాడిన సూది గుచ్చుకుని ఈరోజు యాంటీబాడీ టెస్ట్ చేయించుకుని నెగెటివ్ వచ్చిందని సంబరపడితే లాభం లేదు.

అమ్మకి ఎక్కడి నుంచి వచ్చి ఉంటుంది?

చాలా ఇళ్లలో గొడవ మొదలయ్యేది ఇక్కడే. ఎవరి వల్ల వచ్చింది, ఎలా వచ్చింది అని. కాస్త చరిత్ర తెలిస్తే ఆ గొడవ అక్కర్లేదు.

1970ల్లో అమెరికాలో రక్తం ఎక్కించుకున్న వాళ్లలో కొందరికి లివర్ వాపు వచ్చేది. టెస్ట్ చేస్తే హెపటైటిస్ ఏ కాదు, బీ కాదు. హార్వే ఆల్టర్ టీమ్ దీన్ని గుర్తించింది. దానికి పేరు కూడా నాన్ ఏ, నాన్ బీ అనే పెట్టారు. 1989లో మైకేల్ హౌటన్, ఆయన టీమ్ ఆ వైరస్‌ని పట్టుకున్నారు. అప్పుడు హెపటైటిస్ సి అనే పేరు వచ్చింది. ఈ వైరస్ ఒక్కటే ఆ జబ్బు తెప్పించగలదని చార్లెస్ రైస్ నిరూపించాడు. ఈ ముగ్గురికీ కలిపి 2020లో నోబెల్ ఇచ్చారు.

మన దేశంలో బ్లడ్ బ్యాంకుల్లో ప్రతి యూనిట్‌కీ ఈ టెస్ట్ తప్పనిసరిగా చేయడం గట్టిగా మొదలైంది 2000ల మొదట్లో. ఇప్పుడు లెక్క వేసుకోండి. అమ్మకి 1995లో కాన్పు అప్పుడు రెండు సీసాల రక్తం ఎక్కించారనుకుందాం. ఆ రక్తానికి ఈ టెస్ట్ జరిగే ఉంటుందని చెప్పలేం. ఆవిడ తప్పేముంది ఇందులో? ప్రాణం కాపాడటానికి ఎక్కించిన రక్తం అది.

రక్తం కాకుండా ఇంకా దారులు ఉన్నాయి. ఒకే సిరంజిని సరిగ్గా స్టెరిలైజ్ చేయకుండా పదిమందికి వాడటం, డయాలసిస్, శుభ్రం చేయని టాటూ సూదులు, మత్తు ఇంజెక్షన్లు పంచుకోవడం, ఒకరి రేజర్ ఇంకొకరు వాడటం. శృంగారం ద్వారా కూడా రావచ్చు గానీ భార్యాభర్తల మధ్య ఆ అవకాశం తక్కువ. తల్లి నుంచి కడుపులో బిడ్డకి వచ్చే అవకాశం 100కి సుమారు 5, 6. అందుకే ఆ రక్తం ఎక్కించిన తర్వాత పుట్టిన పిల్లలు, అంటే బహుశా మీ తమ్ముడో చెల్లో, బహుశా మీరే, ఒకసారి టెస్ట్ చేయించుకోవాలి. నాన్న కూడా.

ఎలా రాదో కూడా వినండి. ఒకే కంచంలో తింటే రాదు. గ్లాసు పంచుకుంటే రాదు. కౌగిలించుకుంటే, దగ్గితే, తుమ్మితే రాదు. తల్లిపాల వల్ల రాదు. అమ్మ గ్లాసు వేరు పెట్టాల్సిన పని లేదు. బ్లేడు, రేజర్, టూత్ బ్రష్, నెయిల్ కట్టర్ మాత్రం వేరుగా ఉంచండి, చాలు.

పచ్చకామెర్లు, పసరు మందు సంగతి

ఇప్పుడు పిన్ని మాటకి వద్దాం. మన ఊళ్లలో కామెర్లంటే పసరు పోయడం, చేతి మీద వాత పెట్టడం ఇప్పటికీ ఉంది. దానికి తగ్గింది అని చెప్పేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే తగ్గింది. కానీ ఎందుకు తగ్గింది?

నీళ్లు, తిండి ద్వారా వచ్చే హెపటైటిస్ ఏ, ఈ అనే రెండు రకాలు ఉన్నాయి. కళ్లు పచ్చబడతాయి, నీరసం, వాంతులు, ఒక నెలో రెండు నెలలో చాలామందికి వాటంతట అవే తగ్గిపోతాయి. పసరు తాగినా తగ్గుతాయి, తాగకపోయినా తగ్గుతాయి. క్రెడిట్ మాత్రం పసరుకి వెళ్తుంది.

హెపటైటిస్ సి అలా కాదు. చాలామందికి మొదట్లో కళ్లు పచ్చబడవు, అసలు ఏమీ తెలీదు. 100లో సుమారు 70 మందిలో వైరస్ అలాగే ఉండిపోతుంది. లివర్‌ని రోజూ కొంచెం కొంచెం గాయపరుస్తూ మచ్చలు పెడుతుంది. ఇలా ఉండిపోయిన వాళ్లలో 15 నుంచి 30 శాతం మందికి 20 ఏళ్లలో సిరోసిస్ వస్తుంది, అంటే లివర్ గట్టిపడిపోతుంది. కాళ్లు వాచి, పొట్టలో నీరు చేరి, రక్తం కక్కుకుని ఆసుపత్రికి వచ్చేసరికి చాలా ఆలస్యం అయిపోతుంది. ఈ 20 ఏళ్లలో మీరు పసరు తాగితే వైరస్ పోదు, పైగా అందులో ఏం ఉందో తెలీని పదార్థం, ఇప్పటికే గాయపడిన లివర్ మీద ఇంకో భారం.

ఎస్‌జీపీటీ నార్మల్ ఉంది కదా, లివర్ బాగానే ఉంది అనుకోవడం కూడా పనికిరాదు. హెపటైటిస్ సి ఉన్నా ఎస్‌జీపీటీ నార్మల్‌గా ఉండొచ్చు.

లివర్ ఎంత పాడైంది? ఒక చిన్న లెక్క

ఆర్‌ఎన్‌ఏ డిటెక్టెడ్ అని వచ్చింది. డాక్టర్ తర్వాత తేల్చాల్సింది సిరోసిస్ ఉందా లేదా. ఎందుకంటే మందు దాన్ని బట్టి మారుతుంది. పూర్వం సూదితో లివర్ ముక్క తీసి చూసేవారు. ఇప్పుడు చాలామందికి ఆ అవసరం లేదు.

ఫిబ్-4 అని ఒక ఫార్ములా ఉంది. మామూలు రక్త పరీక్షల్లో వచ్చే నంబర్లే కావాలి. వయసుని ఎస్‌జీఓటీతో గుణించండి. ఇంకోవైపు ఎస్‌జీపీటీకి వర్గమూలం తీసి ప్లేట్‌లెట్ సంఖ్యతో గుణించండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. ప్లేట్‌లెట్లని వేలల్లో తీసుకోవాలి, అంటే 1.8 లక్షలైతే 180.

అమ్మ లెక్క వేద్దాం. వయసు 52, ఎస్‌జీఓటీ 72. గుణిస్తే 3744. ఎస్‌జీపీటీ 64, వర్గమూలం 8. ప్లేట్‌లెట్లు 180. గుణిస్తే 1440. భాగిస్తే 2.6.

1.45 కంటే తక్కువ వస్తే లివర్‌లో మచ్చలు బాగా ముదిరిన అవకాశం తక్కువ. 3.25 దాటితే ముదిరి ఉండే అవకాశం ఎక్కువ. అమ్మది మధ్యలో ఉంది, తేలలేదు. ఇలాంటప్పుడు ఫైబ్రోస్కాన్ చేయిస్తారు. అల్ట్రాసౌండ్ చేసినట్టే ఉంటుంది, నొప్పి ఉండదు, లివర్ ఎంత గట్టిగా ఉందో చెప్తుంది. ఈ లెక్క మీరు వేసుకుని మీరే తీర్పు ఇచ్చేసుకోవడానికి కాదు. డాక్టర్ స్కాన్ రాస్తే, ఇదెందుకు అన్న ప్రశ్నకి జవాబు.

మందు మొదలుపెట్టే ముందు చెక్‌లిస్ట్

ఇక్కడ రెండు విషయాలు వదిలేస్తే ప్రమాదం.

ఒకటి, హెపటైటిస్ బీ టెస్ట్. బీ, సి రెండూ ఉన్న వాళ్లలో సి మందు వేసి సి ని అణిచేస్తే, అప్పటిదాకా నిద్రపోతున్న బీ లేచి లివర్‌ని దెబ్బతీసే అవకాశం ఉంది. అందుకే ముందే చూస్తారు. హెచ్‌ఐవీ, కిడ్నీ పనితీరు కూడా చూస్తారు. ఆడవాళ్లయితే గర్భం ఉందేమో చూస్తారు.

రెండు, ఇప్పటికే వాడుతున్న మందుల లిస్ట్. గుండె దడకి వాడే అమియోడరోన్‌తో సోఫోస్‌బువిర్ కలిస్తే గుండె వేగం ప్రమాదకరంగా పడిపోవచ్చు. టీబీకి వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కి వాడే ఫెనిటోయిన్, కార్బమజెపిన్ ఈ మందుల్ని ఒంట్లో నిలవనివ్వవు, అంటే కోర్సు వృథా. గ్యాస్ మాత్రలు కూడా కొన్ని కాంబినేషన్లలో అడ్డం వస్తాయి. అమ్మ రోజూ పొద్దున్నే వేసుకునే గ్యాస్ బిళ్ల గురించి చెప్పడానికి ఏముందిలే అనుకోకండి. ఇంట్లో ఉన్న స్ట్రిప్‌లన్నీ ఫోటో తీసి డాక్టర్‌కి చూపించండి. ఫోన్ ఉన్నది ఇందుకే.

84 రోజులు

సిరోసిస్ లేకపోతే మన జాతీయ కార్యక్రమంలో ఇచ్చేది సోఫోస్‌బువిర్ 400 మిల్లీగ్రాములు, డాక్లాటాస్‌విర్ 60 మిల్లీగ్రాములు. రోజుకి ఒకసారి, 12 వారాలు. సిరోసిస్ ఉండి లివర్ ఇంకా పని నెట్టుకొస్తుంటే సోఫోస్‌బువిర్, వెల్‌పటాస్‌విర్, అదీ 12 వారాలే. పొట్టలో నీరు చేరే దాకా వెళ్లిన వాళ్లకి దానికి రైబావిరిన్ కలుపుతారు, లేదా 24 వారాలు ఇస్తారు. అది పెద్ద సెంటర్‌లో స్పెషలిస్ట్ చూసుకోవాలి.

ఇవి ఎలా పని చేస్తాయి? వైరస్ తన కాపీలు తీసుకోవాలంటే జన్యు అక్షరాలు ఒక్కొక్కటి పేర్చుకోవాలి. సోఫోస్‌బువిర్ ఒంట్లో మారి ఆ అక్షరంలా నటిస్తుంది. వైరస్ ఎంజైమ్ దాన్ని నిజమనుకుని పేర్చుకుంటుంది, అక్కడితో కాపీ ఆగిపోతుంది. రెండో మందు వైరస్‌కి కావాల్సిన ఇంకో ప్రోటీన్‌ని అడ్డుకుంటుంది. ఒకదాన్నుంచి తప్పించుకున్నా రెండోదానికి దొరుకుతుంది.

మరి హెచ్‌ఐవీకి, హెపటైటిస్ బీకి ఏళ్ల తరబడి మందులు వాడాలి కదా, దీనికి 12 వారాలేంటి? హెచ్‌ఐవీ మన కణం డీఎన్‌ఏలోనే దూరిపోతుంది. బీ కూడా కణ కేంద్రకంలో తన కాపీ దాచుకుంటుంది. హెపటైటిస్ సి అలా ఎక్కడా దాక్కోదు. కాపీలు ఆపితే ఉన్నవి అరిగిపోతాయి, అంతే. అందుకే దీన్ని కంట్రోల్ అనరు, క్యూర్ అంటారు. కోర్సు పూర్తి చేసిన 100 మందిలో సుమారు 95 మందికి నయమవుతుంది. మిగతా వాళ్లకి రెండో కాంబినేషన్ ఉంది.

2010కి ముందు ఈ జబ్బుకి ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు ఇచ్చేవారు. 24 నుంచి 48 వారాలు, జ్వరాలు, డిప్రెషన్, ఇన్ని పడ్డా కొన్ని రకాల వైరస్‌లకి నయమయ్యేది సగం మందికే. ఇప్పటి మాత్రలకి కొందరిలో తలనొప్పి, నీరసం, కొంచెం వికారం. అదే ఎక్కువ.

ధర సంగతి కూడా చెప్పాలి. 2013 డిసెంబర్‌లో అమెరికాలో సోఫోస్‌బువిర్‌కి అనుమతి వచ్చినప్పుడు ఒక్క మాత్ర 1000 డాలర్లు. 84 రోజులకి 84,000 డాలర్లు, అప్పటి మన డబ్బుల్లో 50 లక్షల పైనే. 2014 సెప్టెంబర్‌లో ఆ కంపెనీ గిలియడ్ కొన్ని భారతీయ కంపెనీలకి తయారీ లైసెన్స్ ఇచ్చింది. అందులో మన హైదరాబాద్ హెటెరో ఉంది. 2015లో ఇంకో హైదరాబాద్ కంపెనీ నాట్కో కూడా చేరింది. కోర్సు ధర లక్షల నుంచి వేలకి దిగింది.

ఇప్పుడు ఆ వేలు కూడా అక్కర్లేదు. 2018 జులై 28న కేంద్రం నేషనల్ వైరల్ హెపటైటిస్ కంట్రోల్ ప్రోగ్రామ్ మొదలుపెట్టింది. టెస్టులు, మందులు ఉచితం. ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో, జిల్లా ఆసుపత్రుల్లో హెపటైటిస్ ట్రీట్‌మెంట్ సెంటర్ ఎక్కడ అని అడగండి. దానికంటే ముందే, 2016లో పంజాబ్ జిల్లా ఆసుపత్రుల్లో మామూలు ఎండీ డాక్టర్లతోనే ఈ చికిత్స ఉచితంగా మొదలుపెట్టింది. వేలమందిలో 90 శాతం పైన నయమయ్యారు. అంటే దీనికి కార్పొరేట్ ఆసుపత్రే కావాలని లేదు.

అందరూ వదిలేసే ఆఖరి టెస్ట్

84 రోజులు అయిపోయాయి. అమ్మ ఆఖరి మాత్ర వేసుకుంది. నయమైందా? ఇంకా చెప్పలేం. ఇంకో 12 వారాలు ఆగి మళ్లీ ఆర్‌ఎన్‌ఏ టెస్ట్ చేయించాలి. అప్పుడు నాట్ డిటెక్టెడ్ వస్తేనే నయమైనట్టు లెక్క. 84 రోజులు మందు, 84 రోజులు ఎదురుచూపు. చాలామంది ఇక్కడే ఆపేస్తారు, బాగానే ఉంది కదా అని. ఈ జబ్బు మొదటి నుంచీ బాగానే ఉన్నట్టు కనిపించిందే కదా.

ఆ రిపోర్ట్ ఎందుకు దాచుకోవాలో చెప్తా. మందు వైరస్‌ని తీసేస్తుంది, యాంటీబాడీని కాదు. కాల్ హిస్టరీ చెరగదు. రేపు ఇంకో ఆపరేషన్‌కో, గల్ఫ్ మెడికల్‌కో మళ్లీ యాంటీబాడీ టెస్ట్ చేస్తే మళ్లీ రియాక్టివ్ అనే వస్తుంది. అప్పుడు మీ దగ్గర ఆర్‌ఎన్‌ఏ నాట్ డిటెక్టెడ్ కాగితం ఉంటే మాట్లాడొచ్చు. లేకపోతే కథ మళ్లీ మొదటికి. రక్తదానం మాత్రం ఇక చేయకూడదు.

ఇంకో మూడు ముక్కలు. సిరోసిస్ వచ్చాక నయమైన వాళ్లు ప్రతి ఆరు నెలలకీ అల్ట్రాసౌండ్ చేయించుకోవాలి, క్యాన్సర్ రిస్క్ తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. మందు తాగడం మానాలి. నయమైనా మళ్లీ సోకొచ్చు, హెపటైటిస్ సి కి వ్యాక్సిన్ లేదు. బీకి ఉంది, వేయించుకోండి.

మరి అమ్మ గాల్ బ్లాడర్ ఆపరేషన్? హెపటైటిస్ సి ఉందన్న ఒక్క కారణంతో ఆపరేషన్ చేయమనడానికి వీల్లేదు. ఏ పేషెంట్‌కైనా తీసుకునే జాగ్రత్తలే దీనికీ సరిపోతాయి. ముందు ఆపరేషనా, ముందు మాత్రలా అనేది లివర్ పరిస్థితి, రాళ్ల ఇబ్బంది చూసి డాక్టర్ చెప్తారు. చేయం అంటే కారణం అడగండి, ఇంకో చోట చూపించండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2022లో మన దేశంలో దాదాపు 55 లక్షల మంది ఈ వైరస్‌తో ఉన్నారు. వాళ్లలో ఎక్కువ మందికి ఆ సంగతే తెలీదు. 2000కి ముందు రక్తం ఎక్కించుకున్న వాళ్లు మీ ఇంట్లో ఎవరున్నారో ఇవాళ రాత్రి భోజనం దగ్గర అడగండి. అమ్మమ్మ, నాన్న, మేనత్త, ఎవరైనా సరే. ఉంటే ఒక యాంటీబాడీ టెస్ట్. రియాక్టివ్ వస్తే ఆర్‌ఎన్‌ఏ. అక్కడి నుంచి ఏం చేయాలో ఇప్పుడు మీకు తెలుసు.

ఈ ఎపిసోడ్ ఇంట్లో వాళ్ల గ్రూప్‌లో పెట్టండి. గుడ్ మార్నింగ్ ఫోటోల మధ్యలో ఇదీ ఒకటి ఉండనివ్వండి. వచ్చే వారం కలుద్దాం, బై.